లోపలికి పోకూడని మనిషి

ఫ్యాక్టరీల్లో సేఫ్టీ ఆఫీసర్‌గా పనిచేసి రిటైరైన మనిషిని నేను. మా తిరువళ్ళూరు చుట్టుపక్కల పిల్లలు చాలామంది ఇప్పుడు ఈ సేఫ్టీ కోర్సు చదువుతున్నారు. కొందరు కాట్టుపల్లి పోర్టు పనుల్లో చేరుతున్నారు, కొందరు ఆవడి పక్క. చేరే ముందు ఎవరో ఒకరు మా ఇంటికి వచ్చి, "సార్, ఏం చదవాల?" అని అడుగుతారు. చదవాల్సింది కాలేజీలో చెప్తారు. వాళ్ళు చెప్పనిది ఇక్కడ రాస్తున్నాను. నాకు ఏ ప్రమోషన్ ఎప్పుడొచ్చిందో తెలుసుకుని మీరు చేసేదేమీ లేదు కాబట్టి ఆ గొడవ వదిలేస్తున్నాను.

తెలుగులో రాస్తే ఎవరు చదువుతారని మా ఇంట్లోనే నవ్వారు. ఈ తమిళదేశంలో మన పిల్లలు అరవం చదివినంత గబగబా తెలుగు చదవలేరన్నది నిజమే. అయినా నేను చెప్పబోయే మనుషులు పని చేసింది, పోట్లాడింది, ఏడ్చింది తెలుగులో. వాళ్ళ సంగతి ఇంకో భాషలో రాయడానికి నాకు చెయ్యి రాలేదు.

షల్

మా ఉద్యోగం మొత్తం ఒక ఇంగ్లీషు మాట మీద నడుస్తుంది. ఆ మాట షల్. బళ్ళో మాకు అది భవిష్యత్తు కాలమని నేర్పారు. ఐ, వీ పక్కన షల్ రాయాలి, మిగతావాటి పక్కన విల్ రాయాలి, తప్పితే బెత్తం. ఫ్యాక్టరీ గేటు దాటాక ఆ పాఠం పనికిరాలేదు. రూల్సు పుస్తకంలో షల్ అంటే రేపు జరగబోయేది కాదు, చేసి తీరాల్సింది. షుడ్ అంటే చేస్తే మంచిది. మే అంటే చేసుకోవచ్చు, నీ ఇష్టం. కోర్టు కాగితాల్లోనూ కాంట్రాక్టుల్లోనూ ఇదే వాడుక. అదే ఇంగ్లీషువాళ్ళు ఇంట్లో కూర్చుని "టీ తాగుదామా" అని అడగడానికీ ఈ మాటే వాడతారట. మెత్తగా అడగడానికీ అదే, మెడ మీద కూర్చోవడానికీ అదే.

నా మొదటి పై అధికారి రాఘవన్ గారు. అరవాయన, సన్నగా, ఎప్పుడూ విసుగ్గా ఉండేవాడు. ఆయన దగ్గర పొగడ్త దొరకడం మే నెలలో వాన పడినంత అరుదు. చేరిన కొత్తల్లో రూల్సు పుస్తకం నా ముందు పడేసి, ఆయనకు వచ్చిన తెలుగులో ఒక మాట చెప్పాడు.

"షల్ అని ఎక్కడ ఉండినా దాని పక్కన మనిషిని వెతుకు. మనిషి ఉంటే ఆ పని జరుగుతుంది, లేదంటే ఆ మనిషిని పట్టుకోవచ్చు. మనిషి లేకపోతే జరగదు. రాసి పెట్టుకో."

నేను రాసి పెట్టుకోలేదు. పెద్దాయన చాదస్తమనుకున్నాను. పుస్తకంలో రెండు రకాల వాక్యాలూ ఉన్నాయి. "కాపలా మనిషి లోపలికి పోకూడదు" అనే వాక్యంలో మనిషి ఉన్నాడు. "రక్షణ సామాను సిద్ధంగా ఉంచవలెను" అనే వాక్యంలో ఎవరూ లేరు. రెండింటిలోనూ షల్ మాత్రం ఒకటే, అక్షరాల సైజు కూడా ఒకటే.

"మామా, టోపీ యాడ?"

రూలు తెలిస్తే సరిపోతుందని మొదట్లో అనుకున్నాను. క్రేను నడిపే సుబ్రమణి అనే పెద్దాయన హెల్మెట్ పెట్టుకునేవాడు కాదు. నేను పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు, పెట్టుకుని తీరాలని గట్టిగా చెప్పాను. ఆయన క్రేను ఆపేసి కిందికి దిగాడు.

"మీ నాయన నన్ను బావా అని పిలస్తాడు. నువ్వు నాకు ఆర్డరేస్తాండావా?" అన్నాడు.

ఆ పూట క్రేను మళ్ళీ కదలలేదు. మేనేజర్ నన్ను పిలిచి, రూలు చెప్పమంటే పని ఆపమని కాదు కదా అన్నాడు. మర్నాడు నేను క్రేను కిందికి పోయి, "మామా, టోపీ యాడ?" అని అడిగాను. ఆయన సీటు వెనకనుంచి తీసి పెట్టుకున్నాడు. ఆ తరవాత నన్ను చూడగానే తనే నెత్తి తడుముకునేవాడు.

అప్పటినుంచి నా షల్ అంతా వరసలతోనే నడిచింది. మామా, అన్నా, అక్కా అనకుండా నేను ఒక్క రూలూ అమలు చేయలేదు. మీకు కాలేజీలో ఇది చెప్పరు. మన మనుషులు రూలు మాట వినరు, రూలు చెప్పే మనిషి మాట వింటారు. నేను దీన్ని చాలా ఏళ్ళు నా తెలివి అనుకుని మురిసిపోయాను. ఆ వరసలే ఒకనాడు ఎంత బరువవుతాయో తెలియక మురిసిపోయాను.

పైమనిషి

తిరువళ్ళూరు, తిరుత్తణి మధ్య బట్టలకు రంగులద్దే ఒక ఫ్యాక్టరీలో నేను చివరగా పనిచేశాను. పేరు చెప్పను. రంగునీళ్ళన్నీ భూమిలో కట్టిన పెద్ద ట్యాంకుల్లోకి పోతాయి. అడుగున బురద పేరుకుంటుంది. ఏడాదికోసారి మనుషులు దిగి ఆ బురద ఎత్తిపోయాలి. బురదలో విషవాయువు దాగి ఉంటుంది. పైన మీటరు పెట్టి చూస్తే గాలి బాగానే ఉన్నట్టు చూపిస్తుంది, కాలితో బురద కదిలిస్తే లేచి వస్తుంది. కోడిగుడ్డు కుళ్ళిన కంపు కొడుతుంది. ఎక్కువైతే ఆ కంపు కూడా తెలియదు, మనిషి కూలిపోతాడు.

అందుకని ట్యాంకు మూత దగ్గర ఒక మనిషి నిలబడాలి. పుస్తకంలో అతనికి పెద్ద పేరుంది, మా వాళ్ళు పైమనిషి అనేవారు. అతని పని చూడటం, పిలవడం, పలక్కపోతే గంట కొట్టడం. లోపల ఏం జరిగినా అతను దిగకూడదు. ఎందుకంటే పడ్డవాణ్ణి తీయడానికి ఒకడు దిగుతాడు, వాణ్ణి తీయడానికి ఇంకొకడు దిగుతాడు, అట్లా వరసగా పోతారు. ఈ ఉద్యోగంలో మీరు నేర్చుకునే రూల్సన్నింటిలోకి ఇది సరైన రూలు. ఇప్పటికీ అదే చెప్తాను.

కానీ మా కాంట్రాక్టు మనుషులంతా ఒకే ఊరివాళ్ళు. కే.జీ.కండిగై నుంచి మేస్త్రీ తన చుట్టాలనే తీసుకొచ్చేవాడు. బావ దిగితే బామ్మర్ది పైన ఉండేవాడు, అన్న దిగితే తమ్ముడు. కొత్తవాణ్ణి పైన పెడతానంటే ఎవరూ దిగేవారు కాదు. "నా మనిషి పైన ఉంటేనే నేను దిగతా సార్. ముక్కూ మొగం తెలీనోడు బీడీకి పోతే నా గతేంది?" అని, దిగేవాళ్ళలో ఒకడు, చెంగల్రాయన్, నాతో వాదించాడు. లోపలివాడికి ప్రాణంలాంటి మనిషి పైన కావాలి. రూలుకేమో ప్రాణం పోతున్నా కదలని మనిషి పైన కావాలి. ఆ రెండూ ఒకే మనిషిలో ఉండాలని మేము ఆశపడ్డాం.

చెంగల్రాయన్ తన పైమనిషిగా పెళ్ళాం తమ్ముణ్ణి పెట్టుకున్నాడు. పేరు ఢిల్లీబాబు. తల్లి చిన్నప్పుడే పోతే అక్క మునెమ్మే పెంచింది. తక్కువ మాట్లాడతాడు, విన్నది మరిచిపోడు. ట్రైనింగులో ఒకే ఒక్క ప్రశ్న అడిగాడు.

"బావ పడిపోతే నేను పైన నిల్చుకోని ఏం చేసేది సార్?"

"గంట కొట్టు. పిలుస్తా ఉండు. మనుషులొచ్చేదాకా పిలుస్తూనే ఉండు. దిగొద్దు."

"ఎవురు పడినా?"

"ఎవరు పడినా."

పక్కన కూర్చున్న చెంగల్రాయన్ నవ్వాడు. "వాణ్ణి దిగనీయొద్దండ సార్. వానికేమన్నా అయితే మా మునెమ్మ నన్ను ఇంట్లోకి రానీదు" అన్నాడు. అందరం నవ్వాం.

ఆ పూట

పడ్డవాణ్ణి దిగకుండానే పైకి లాగడానికి మూడు కాళ్ళ స్టాండు ఒకటి ఉంటుంది. మూత తీసిన కంత మీద నిలబెట్టి, లోపలి మనిషి నడుముకు కట్టిన తాడును దానికున్న చక్రంతో చుట్టాలి. మాకు రెండు యూనిట్లు, స్టాండు ఒకటే. ఇంకొకటి కావాలని నేను అడిగినప్పుడల్లా మేనేజర్, "రెండు చోట్లా ఒకేనాడు దిగకుండా చూసుకోండి, వచ్చే ఏడు చూద్దాం" అనేవాడు. చెడ్డవాడు కాదు. ఏ ఏడు అడిగినా వచ్చే ఏడే చెప్పేవాడు.

ఆ రోజు స్టాండు రెండో యూనిట్లో ఉంది, నేనూ అక్కడే ఉన్నాను. ఇక్కడ మొదటి యూనిట్లో షిఫ్ట్ ఇంజనీర్, పొద్దున మీటరు బాగానే చూపించింది కదా అని, మాకు ఫోన్ చేయకుండానే దిగమన్నాడు. భోజనాలయ్యాక చెంగల్రాయన్ మళ్ళీ దిగి బురద కదిపాడు. పడిపోయాడు.

ఢిల్లీబాబు గంట కొట్టాడు. బావా, బావా అని పిలిచాడు. జనం పరుగెత్తుకొచ్చారు. నడుము తాడు పట్టి లాగారు, బురదలో కూరుకున్న మనిషి చేతులకు రాలేదు. ఊరివాళ్ళే ఇద్దరు లోపలికి దూకబోయారు. ఢిల్లీబాబు ఆ కంత మీద అడ్డంగా పడుకున్నాడు. లాగితే కదల్లేదు, కొడితే కదల్లేదు. తల మాత్రం లోపలికి వేలాడేసి పిలుస్తూనే ఉన్నాడు. మేము స్టాండు వ్యానులో వేసుకుని వచ్చేసరికి గొంతు పోయి, గాలి మాత్రమే వస్తోంది. పెదవులు బావా అంటున్నాయి.

మేము చెంగల్రాయన్‌ను పైకి తీశాం. అప్పటికే పోయాడు. తీయడానికి పట్టింది కొంచెం సేపే. ఆ స్టాండు పొద్దుటినుంచీ నా కళ్ళముందే ఉంది.

విచారణలో తిలాపాపం తలా పిడికెడు అయింది. మేనేజర్ ఇంజనీర్‌ది తప్పన్నాడు, ఇంజనీర్ మేస్త్రీది అన్నాడు, మేస్త్రీ పోయినవాడి మీదే వేశాడు. స్టాండు సిద్ధంగా ఉంచవలెను అని పుస్తకంలో ఉంది కదా, ఎవరు ఉంచవలెను అని అడిగితే ఒక్కరూ పలకలేదు. అప్పుడు గుర్తొచ్చాడు నాకు రాఘవన్ గారు. ఆ రోజు ఆ ట్యాంకు దగ్గర అన్ని షల్‌లలోకి నిలబడింది ఒక్కటే. ఢిల్లీబాబుది.

శాలువా

ఊళ్ళో మాట వేరేగా నడిచింది. తాను దిగడు, దిగేవాళ్ళను దిగనీయడు అన్నారు. మా పక్క కర్మంతరం నాడు ముండమోసిన ఆడదానికి పుట్టింటి చీర అన్నో తమ్ముడో తెచ్చి చేతికివ్వాలి. ఢిల్లీబాబు తెచ్చాడు. మునెమ్మ చెయ్యి చాపలేదు. పక్కనున్న పెద్దమ్మ ఎవరో అందుకుని ఆమె భుజాన కప్పింది. నేను ఆ పందిట్లోనే ఉన్నాను. అతను చీర పట్టుకుని నిలబడిన సేపు ఎటు చూడాలో నాకు తెలియలేదు.

గోరుచుట్టు మీద రోకటిపోటు అన్నట్టు, సేఫ్టీ డే వచ్చింది. రూలు పాటించి ఇద్దరి ప్రాణాలు కాపాడిన ఆదర్శ కార్మికుడని ఢిల్లీబాబుకు శాలువా కప్పుతామన్నాడు మేనేజర్.

"వద్దు సార్. అతనిది చావింట్లో ఉన్న మనసు" అన్నాను.

"మంచి పనిని మంచిదనకపోతే ఎట్లా? మిగతావాళ్ళు నేర్చుకోవద్దా?" అన్నాడు. నిజంగానే మంచి చేస్తున్నాననుకున్నాడు ఆయన. మీరు జాగ్రత్తపడాల్సింది చెడ్డ అధికారులతో కాదు, ఇట్లాంటి మంచివాళ్ళతో.

మేస్త్రీ పొమ్మంటే వచ్చి, మేజా పక్కన నిలబడి, శాలువా కప్పించుకున్నాడు ఢిల్లీబాబు. చప్పట్లు కొట్టారు. అతను ఇల్లు చేరకముందే ఆ ఫోటో ఊరిలో ఫోన్లన్నింటికీ చేరింది. బావ చచ్చిన దానికి శాలువా కప్పించుకున్నాడన్నారు. అక్క తలుపేసుకుంది. అతను ఊరు వదిలిపెట్టి ఆవడిలో ఒక అపార్ట్‌మెంట్ గేటు దగ్గర వాచ్‌మన్‌గా చేరాడు. గొంతు మళ్ళీ బాగుపడలేదు.

నేను అతనికి తప్పు చెప్పలేదు. అదే నా బాధ. తప్పు చెప్పి ఉంటే దిద్దుకునేవాణ్ణి. సరైన మాట చెప్పాను, అతను సరిగ్గా పాటించాడు, దానికి అక్కను పోగొట్టుకున్నాడు. పుస్తకం రాసినవాళ్ళు బయట నిలబడమన్నారే గానీ, నిలబడ్డ మనిషి ఆ తరవాత ఏ ఊళ్ళో, ఏ మొగం పెట్టుకుని బతకాలో రాయలేదు.

ఆ తరవాత నేను ఉన్నన్నాళ్ళూ, మూత తెరవకముందే ఒక మాట అడిగేవాణ్ణి: లోపలివాడు నీకేమవుతాడు? చుట్టమైతే పైమనిషిని మార్చేవాణ్ణి. కొత్తమనిషి వద్దని వాళ్ళు గొడవపడితే, స్టాండు బిగించి, నేనే మూత దగ్గర కుర్చీ వేసుకుని కూర్చునేవాణ్ణి. స్టాండు రాకపోతే దిగనిచ్చేవాణ్ణి కాదు. మేనేజర్‌తో మాటలు పోయాయి. మీరూ పోగొట్టుకోండి, పరవాలేదు.

అక్క

రిటైరయ్యాక కే.జీ.కండిగై పోయాను. మునెమ్మ సంతలో ఆకుకూర అమ్ముతోంది. నేనెవరో చెప్పాను.

"తెలుసు. పైన నిల్చోమని చెప్పిచ్చిన సారు మీరే కదా" అంది.

"నేనేనమ్మా. అతని మీద కోపం ఉంటే నా మీద పెట్టుకో. దిగొద్దని చెప్పింది నేను."

ఆమె తోటకూర కట్టల మీద నీళ్ళు చిలకరించింది. బేరానికొచ్చిన మనిషిని పంపించి, అప్పుడు మాట్లాడింది.

"వాడు దిగింటే వాడూ పోయుండును. ఆ ఇద్దురూ పోయుందురు. నాకు ఆ పొద్దే తెలుసు సార్. తెలిసేది వేరే, మనసు వేరే. వాడు చీర తెచ్చినాడు, నా చెయ్యి లేయలే. నేనేం చేసేది?"

ఆమె ఒక కట్ట విప్పి మళ్ళీ కట్టింది.

"పిలస్తానే ఉండినాడంట కదా. ఏమని పిలిచినాడు?"

"బావా అని. గొంతు పోయేదాకా."

"ఆయనకి ఇనబడిందా?"

అబద్ధం చెప్పడానికి నోరు రాలేదు. "తెలియదమ్మా. కొంచెం సేపన్నా వినబడి ఉంటుందనే అనుకుంటా" అన్నాను.

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కళ్ళు తుడుచుకుని, "వాడూ పోయింటే ఇద్దురికీ ఏడ్చి ఊరుకుందును. ఉండాడు కాబట్టి కోపం. కోపం పెట్టుకునే దానికైనా పుట్టింట్లో ఒకడు ఉండాల కదా" అంది. తరవాత త్రాసు తీసి పక్కన పెట్టి, "రమ్మనండ సార్. అన్నం పెడతా. మాట్లాడమని మాత్రం అడగొద్దనండ" అంది.

నేను ఢిల్లీబాబుకు ఫోన్ చేశాను. ఆ బొంగురు గొంతుతో, "మీరు రమ్మంటా ఉండారా సార్, అక్క రమ్మనిందా?" అని అడిగాడు.

"అక్కే."

ఆదివారం నాడు అతను ఆవడిలో ఎక్కిన లోకల్‌లోనే నేను తిరువళ్ళూరులో ఎక్కాను. తిరుత్తణిలో దిగి బస్సు పట్టుకున్నాం. అతని చేతిలో ఒక సంచి ఉంది. ఏముందని నేను అడగలేదు. చీర అంచు కనిపిస్తోంది.

మునెమ్మ ఇంటి తలుపు తీసే ఉంది. లోపల నేల మీద ఆకులు వేసి ఉన్నాయి. ఆమె మా వైపు చూడకుండా నీళ్ళ చెంబులు పెడుతోంది. ఢిల్లీబాబు గడప ఇవతల ఆగిపోయాడు. కాళ్ళు రెండూ దగ్గర చేర్చి, తల కొంచెం లోపలికి వంచి నిలబడ్డాడు. ట్యాంకు మూత దగ్గర ఎట్లా నిలబడాలని నేను నేర్పానో అట్లాగే.

"లోపలికి రా" అంది మునెమ్మ, ఎవరినీ చూడకుండా.

అతను నా వైపు చూశాడు. నేను చెప్తే తప్ప కదలడని నాకు తెలుసు. కానీ ఈ మాట చెప్పాల్సింది నేను కాదు. తల వంచుకుని చెప్పులు విడవసాగాను.

ఆమె చెంబు కింద పెట్టింది. ఈసారి తమ్ముడి మొగంలోకి చూసింది.

"ఢిల్లీ, లోపలికి రా."

అతను గడప దాటాడు.